చీనాలో కారము: మూడు మండలముల వంట

కారము తినుటలో తనను మించినవాడు లేడని తెలుగువాని నమ్మకము. గొడ్డుకారము, కొరివికారము, ఊరుమిరపకాయలు ఎరిగిన నాలుకకు పరాయి దేశపు వంట ఏదైనను చప్పగానే తోచునని అతడు తలంచును. చీనాకు ప్రయాణమగునప్పుడు కొందరు కారప్పొడి సీసా పెట్టెలో పెట్టుకొని పోవుటయు కలదు. కాంటన్, షాంఘై వైపు పోవువారికి ఆ సీసా పనికివచ్చును. ఆ తీరప్రాంతపు వంటలలో మిరప పాలు బహు స్వల్పము. కాని దేశము లోపలికి, నైరృతి దిక్కుగా పోయి సిచువాన్, గ్వేజౌ, హునాన్ మండలములలో అడుగుపెట్టిన యాత్రికునకు దాని మూత తీయవలసిన అవసరము కలుగదు. అచ్చట అతనికి కలుగు ఇబ్బంది వేరు. తాను ‘కారము’ అను ఒక్క మాటతో సరిపెట్టుకొనుచున్న దానిని ఆ ప్రాంతములవారు వేర్వేరు రుచులుగా లెక్కింతురు. ఆ లెక్క తెలియనివానికి అక్కడి భోజనము మంటగా మాత్రమే మిగులును. మూడు ఊళ్లు తిరిగియు ఒకే కూర తిన్నట్లు ఇల్లు చేరును.

ఈ మూడు మండలములవారిని గూర్చి చీనాలో ఒక వేడుకమాట వాడుకలో ఉన్నది. ‘లేదు’, ‘భయము’, ‘కారము’ అను అర్థములుగల మూడు మాటలనే అటునిటు మార్చి చెప్పుదురు. ఒకరు కారమునకు భయపడరట. మరియొకరు ఎంత కారమైనను భయపడరట. మూడవవారికి కూరలో కారము లేకుండునేమో అని భయమట. ఏ మాట ఎవరికి చెందునన్నది మాత్రము చెప్పువాని ఊరినిబట్టి మారుచుండును. ఆ చివరి బిరుదు తమకే దక్కవలెనని ముగ్గురికిని పట్టుదల.

ఇంతటి అభిమానమునకు కారణమైన మిరప చీనా దేశపు మొక్క కాదు. మనదియు కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి వెంట అది మన పడమటి తీరమునకు చేరినది. చీనాలో దానిని గూర్చిన తొలి ప్రస్తావన 1591లో గావ్ లియెన్ అను రచయిత గ్రంథమున కనబడును. తెల్లని పూలు, ఎర్రని కాయలు గల ఆ మొక్క చూచుటకు ముచ్చటగా ఉండునని అతడు వ్రాసెను. రుచి ఘాటనియు చెప్పెను గాని, దానిని పూలమొక్కల నడుమనే చేర్చెను. అది పెరటినుండి వంటయింటికి నడచుటకు ఇంకను నూరేండ్లకు పైగా పట్టినది.

చీనావారు ఈ క్రొత్త కాయకు పేరు పెట్టిన తీరు గమనింపదగినది. వారికి అనాదిగా ఉన్న ఘాటు దినుసు ‘హ్వాజ్యావ్’. దానిని గూర్చి ముందు చెప్పుదును. పిమ్మట మన దేశపు మిరియము పడమటి మార్గమున వచ్చినప్పుడు దానిని ‘హూజ్యావ్’, అనగా పడమటి పరదేశుల జ్యావ్ అనిరి. చివరకు మిరప వచ్చినప్పుడు మొదట ‘ఫాన్‌జ్యావ్’ అనియు, తరువాత ‘లాజ్యావ్’ అనియు పిలిచిరి. మన భాషలోను జరిగినది ఇదియే. ‘మిరప’ అను మాటకు ‘మిరియము’తో గల చుట్టరికము వినినంతనే తెలియును. ఒకరి సంగతి ఒకరికి తెలియకయే రెండు జాతులును క్రొత్తగా వచ్చిన కాయకు ఇంటిలోని పాత ఘాటు పేరునే తగిలించినవి.

మిరప రాకమునుపు సిచువాన్‌వారు చప్పిడి తినుచుండిరని అనుకొనరాదు. నాలుగవ శతాబ్దిలో ఛాంగ్ చ్యూ అను చరిత్రకారుడు ఆ ప్రాంతమును గూర్చి వ్రాయుచు, అక్కడి జనులకు ఘాటైన సువాసనగల రుచులపై మక్కువ ఎక్కువయని పేర్కొనెను. అల్లము, హ్వాజ్యావ్ వంటి దినుసులు అప్పటికే వారి వంటలో స్థిరపడినవి. మిరప వారికి ఘాటును నేర్పలేదు. ఉన్న ఘాటుకు తోడుగా వచ్చి చేరినది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. సముద్రము దాటి వచ్చిన మిరపను రేవుపట్టణములవారు అంతగా ఆదరింపక, వేయి మైళ్ల లోపలి కొండసీమలవారు ఎందులకు అక్కున చేర్చుకొనిరి? చీనా వైద్యులు చెప్పు సమాధానము గాలిలోని తేమ. సిచువాన్ పల్లపు నేలపై మబ్బు సామాన్యముగా విడువదు. అక్కడి కుక్కలు సూర్యుని చూచి వింత జంతువని మొరుగునని ఒక పాత నానుడియు కలదు. ఒంటిలో చేరిన చెమ్మను కారము బయటికి తరుమునని అక్కడి ప్రజలు ఈనాటికిని విశ్వసింతురు. ఈ వాదము నాకు పూర్తిగా తృప్తి కలిగింపదు. కాంటన్ గాలిలోను తేమకు కొదువలేదు. అయినను అక్కడివారు మిరపను గడప వెలుపలనే ఉంచిరి.

గ్వేజౌ చరిత్ర చెప్పు కారణము ఇంతకంటె బలమైనది. ఆ మండలమంతయు కొండలు. ఉప్పుగనులు లేవు, సముద్రము లేదు. సిచువాన్ బావులలో కాచిన ఉప్పును కూలీలు వీపున మోసికొని కొండదారులలో దినములతరబడి నడచి తేవలసి వచ్చెడిది. అది పేదవాని చేతికి అందుసరికి దాని వెల మిన్నంటెడిది. పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ ప్రాంతపు జిల్లా చరిత్రలు వ్రాసిన అధికారులు, అక్కడి మ్యావ్ తెగవారు ఉప్పునకు మారుగా మిరపను వాడుచున్నారని గుర్తించిరి. చీనాలో మిరపను తిండిగా వాడుటకు దొరకు మొదటి సాక్ష్యములలో ఇది ఒకటి. అనగా ఆ దేశమున మిరప విందుభోజనముల వాకిట ప్రవేశింపలేదు. ఉప్పు కొనలేనివాని కంచములో మొదట పడినది. గంజిలో ఒక మిరపకాయ నంజుకొని పొలమునకు పోయిన మన పూర్వులకు ఇందులోని సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

గ్వేజౌ, హునాన్‌లనుండి మిరప సిచువాన్‌కు వ్యాపించుటకు వలసలు తోడ్పడినవి. పదునేడవ శతాబ్దిలో యుద్ధములచే సిచువాన్ పాడువడగా, తరువాతి కాలమున హునాన్, హూబే ప్రాంతములనుండి లక్షలాది జనులు వచ్చి అక్కడ స్థిరపడిరి. వారు తెచ్చిన మిరప అక్కడి పాత హ్వాజ్యావ్‌తో కలిసి, ఈనాడు లోకమంతట ప్రసిద్ధమైన ‘మాలా’ రుచి ఏర్పడినది.

‘లా’ అనగా మంట. అది మనకు తెలిసినదే. ‘మా’ అనగా తిమ్మిరి. కాలు మడిచి కూర్చుండి లేచినప్పుడు పాదమున పుట్టు ఆ జుమ్మనుటయే నాలుకపై పుట్టినట్లు ఉండును. దీనికి మూలమైన హ్వాజ్యావ్ ధనియమంత కాయ. ఎండినప్పుడు నోరు తెరచి, లోపల నిగనిగలాడు నల్లని గింజను చూపును. గింజ పనికిరాదు, సత్తువయంతయు పైతొక్కలో ఉన్నది. పేరునుబట్టి దీనిని మిరియముల జాతి అనుకొందురు గాని, ఇది నిమ్మ, నారింజల కుటుంబమునకు చెందినది. వాసన చూచినచో నారింజతొక్క గుర్తునకు వచ్చును. సిచువాన్‌లోని హాన్‌యువాన్ సీమలో పండు హ్వాజ్యావ్‌ను వెనుకటి చక్రవర్తులకు కప్పముగా పంపెడివారు. హాన్ వంశపు రాజుల కాలమున రాణి మందిరపు గోడలకు పూయు మట్టిలో దీనిని కలిపెడివారట.

ఈ కాయకు తెలుగు నేలతో ఒక బంధుత్వమున్నది. 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్, తూర్పు కొండలలో హ్వాజ్యావ్‌కు దాయాది యగు ఒక పెద్ద చెట్టును చూచెను. తెలుగువారు దానిని రచ్చమాను అందురనియు, కొండప్రజలు దాని నీడలో కూడి తమ వ్యవహారములు తీర్చుకొందురు గనుక ఆ పేరు వచ్చినదనియు అతడు వ్రాసెను. రచ్చబండ ఎరిగిన మనకు ఆ మాట అర్థము చెప్పనక్కరలేదు. వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టును ఇప్పటికిని ‘జాంతోజైలమ్ రెట్సా’ అందురు. ఆ రెట్సా మన రచ్చయే. కొంకణ తీరమున దాని కాయలను ‘తిరఫల’ అను పేర చేపల పులుసులో వేయుదురు. మన మైదానప్రాంతపు వంటయింటిలో మాత్రము దానికి చోటు దొరకలేదు. అందుచేత తెలుగు యాత్రికునకు ‘మా’ క్రొత్త అనుభవమే. పంటినొప్పికి అక్కలకర్ర నమిలినవారికి మాత్రము దాని పోలిక కొంత తెలియును.

మిరపలోని కేప్సైసిన్ అను పదార్థము వేడిని గుర్తించు నరములను మేల్కొల్పును. నోరు కాలకపోయినను కాలినదని మెదడునకు వార్త పోవును. ఆ వార్తను అందుకొను గ్రాహకమును కనుగొన్నందులకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానము లభించినది. హ్వాజ్యావ్‌లోని సాన్షూల్ అను పదార్థము వేడి నరములతో నిలువక, స్పర్శను గుర్తించు నరములను కదలించును. 2013లో లండన్ పరిశోధకులు కొందరి పెదవులపై హ్వాజ్యావ్ రాచి, ఆ తిమ్మిరిని వేలిపై కలిగించిన కంపనముతో పోల్చి చూడుమని కోరగా, అది సెకనుకు సుమారు 50 కంపనములతో సరిపోలినది. అనగా ‘మాలా’ తినువాని నోటిలో ఒక ప్రక్క మంట, వేరొక ప్రక్క వణుకు జరుగుచుండును. తిమ్మిరి కొంత ఎక్కిన పిదప మంట పదును తగ్గినట్లు తోచి, వెనుకనున్న ఇతర రుచులు తెలియవచ్చును. సిచువాన్ వంటవాడు ఆ రెంటిని జోడించుటలోని రహస్యమిదియే. మన హోటళ్లలో ‘షెజ్వాన్’ అను పేర వడ్డించు ఎర్రని సాస్‌లో వెల్లుల్లి, మిరప ఉండును గాని హ్వాజ్యావ్ సాధారణముగా ఉండదు. దానినిబట్టి సిచువాన్ వంటను ఊహించుకొనరాదు.

చెంగ్దూ నగరము ఈ రుచులకు రాజధాని. 2010లో యునెస్కో సంస్థ దానిని పాకకళా నగరముగా గుర్తించినది. అక్కడి వంటకు ప్రాణమైన ‘దౌబాన్’ అను ముద్దను నగరపు పొలిమేరనున్న పీషియెన్‌లో తయారు చేయుదురు. పెద్ద చిక్కుడు జాతి గింజలను బూజు పట్టించి, ఉప్పు, ఎర్రమిరపకాయల తొక్కుతో కలిపి మట్టి తొట్లలో ఆరుబయట ఉంచుదురు. పగలు ఎండ తగిలింతురు, కలియబెట్టుదురు. రాత్రి మంచు తగిలింతురు. వాన వచ్చినప్పుడు మూత వేయుదురు. మంచి సరుకు సిద్ధమగుటకు ఏడాది చాలదు. ఆవకాయ జాడీని కంటికి రెప్పవలె చూచుకొను మన అవ్వలు ఆ తొట్లవారిని చూచి మెచ్చుకొందురు.

ఈ దౌబాన్‌తో వండు వంటలలో మొదట చెప్పదగినది మాపో దౌఫు. 1862 ప్రాంతమున చెంగ్దూలోని వాన్‌ఫూ వంతెన దగ్గర చెన్ అను ఇంటిపేరుగల ఒక పూటకూళ్లమ్మ, దారిన పోవు నూనె కూలీలకు సోయాపాల జున్నును కారముగా వండి పెట్టెడిదట. ఆమె ముఖమున స్ఫోటకపు మచ్చలుండుటచే వంటకమునకు ‘మచ్చల అవ్వ జున్ను’ అని పేరు వచ్చినది. చిత్రమేమనగా ఆ మచ్చకును, నాలుక తిమ్మిరికిని చీనాలిపిలో అక్షరము ఒక్కటే. దాన్‌దాన్ సేమియాకు పేరు కావడివలన వచ్చినది. వీధివీధి తిరుగు అమ్మకందారు కావడికి ఒక ప్రక్క పొయ్యి, ఒక ప్రక్క సేమియా పెట్టుకొని పోయెడివాడు. వేరుశనగపప్పుతో వండు ‘గోంగ్‌బావ్’ కోడికూర, 1886లో మరణించిన సిచువాన్ పాలకుడు దింగ్ బావ్‌జెన్ బిరుదు పేర వెలసినది. ఆయన పుట్టుక గ్వేజౌలో. కాబట్టి ఈ వంటకము మాదియని రెండు మండలములవారును అందురు. ‘చేప సువాసన వంకాయ’ అను పేరు చూచి శాకాహారి బెదరనక్కరలేదు. అందులో చేప ఉండదు. చేపలు వండుటకు వాడు ఊరమిరప, అల్లము, వెల్లుల్లి, పంచదార, పులిసిన ద్రవముల కూర్పు అది.

చెంగ్దూనుండి చోంగ్‌చింగ్‌కు రైలుపై రెండు గంటలు పట్టదు. 1997వరకు అది సిచువాన్‌లో భాగము. రెండు నదుల కూడలిలో నున్న ఆ రేవున పడవ లాగు కూలీలు, కసాయివారు విడిచిపెట్టిన పేగులు, పొట్టలను చవుకగా కొని, మసలుచున్న కారపు పులుసులో ముంచి తినెడివారట. నేడు చీనా అంతట వ్యాపించిన ‘హుఓగువో’, అనగా నిప్పుకుండ భోజనము, ఆ రేవు ఒడ్డున పెరిగినదే. బల్ల నడుమ ఎర్రని పులుసు మరుగుచుండును. పచ్చివస్తువులను ఎవరికి వారు అందులో ముంచి, ఉడికినంతనే తీసి, నువ్వులనూనె, వెల్లుల్లి కలిపిన గిన్నెలో అద్దుకొని తిందురు. కొన్ని కుండలలో తొమ్మిది గడుల చట్రముండును. ఎవరి గడిలో వారు ఉడికించుకొన్న ఆ కాలపు గుర్తు అది. కారము భరింపలేనివారికై ఒక ప్రక్క ఎర్రని పులుసు, ఒక ప్రక్క తెల్లని పులుసు గల జంటకుండ కలదు. దానికి ‘యువాన్‌యాంగ్’ అని, చీనా కవులు దాంపత్యమునకు గురుతుగా చెప్పు జంటబాతుల పేరు పెట్టిరి. మన కవుల చక్రవాకముల వంటివి అవి. అతిథి అందరితో కలిసి తెల్లని ప్రక్కన తినుట అక్కడ చిన్నతనము కాదు.

హునాన్ దారి వేరు. ఛాంగ్‌షా నగరములో యాత్రికుడు హ్వాజ్యావ్‌ను ఇంచుమించు మరచిపోవచ్చును. తిమ్మిరి తెర లేకుండ మిరప నేరుగా తగులును. పండుమిరపకాయలను తరిగి ఉప్పుతో జాడీలో ఊరవేసిన తొక్కు వారి వంటకు ఆధారము; చింతపండు మినహాయించినచో అది మన పండుమిరప పచ్చడియే. పెద్ద చేపతలను చీల్చి, దానిపై ఈ తొక్కును దట్టముగా పరచి ఆవిరిపై ఉడికింతురు. పొగబెట్టిన మాంసములోను, పచ్చిమిరపకాయల వేపుడులోను వారి చేయి పెద్దది. 1893లో ఈ మండలములోని షావ్‌షాన్ పల్లెలో పుట్టిన మావో చేదుంగ్, దేశాధిపతియైన తరువాతను మిరప లేనిదే ముద్ద ఎత్తెడివాడు కాడని ప్రసిద్ధి. నా అభిప్రాయమున తెలుగువాడు మొదటి పూటనే ఇంటిలో కూర్చున్నట్లు భావించునది ఇక్కడనే.

గ్వేజౌ వంట మూడింటిలోను లోకమునకు తక్కువ తెలిసినది. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించునది కూడ అదియే. ఉప్పు కరవైన ఆ కొండలలో పులుపు రుచికి రెండవ ఆధారమైనది. కైలీ పట్టణము చుట్టునున్న మ్యావ్ పల్లెలలో బియ్యము కడిగిన నీటిని కుండలో పులియబెట్టి తెల్లని పులుసు తయారు చేయుదురు. తరవాణి కుండ చూచినవారికి ఆ వాసన పరిచితము. ఎర్రని పులుసునకు టమాటాలు, మిరపకాయలు కలిపి పులియబెట్టుదురు. దానిలో ఏటిచేపలను ఉడికించి, నిమ్మగడ్డి వాసనను పోలిన ఒక అడవికాయ నూనెను చుక్కలుగా వేయుదురు. మూడు దినములు పులుపు తినకున్న నడక తూలునని అక్కడి సామెత. ఎండుమిరపకాయలను నిప్పులపై మాడ్చి, నలిపి, ప్రతి వంటకము ప్రక్కను ఒక చిన్న గిన్నెలో పెట్టుదురు. 1990ల చివర ఈ మండలపు రాజధాని గ్వేయాంగ్ నుండి వెలువడి దేశదేశములకు చేరిన ‘లావ్ గాన్ మా’ సీసాలోని కారము ఈ సంప్రదాయమునకు చెందినదే. ఇంతవరకు గోంగూర తినువానికి అంతయు సులభము. కాని ‘జ్ఝఅర్‌గెన్’ అను ఒక తెల్లని వేరును పచ్చిగా మిరపకారముతో కలిపి పెట్టుదురు. దానికి పచ్చిచేప వాసన. గ్వేజౌవారు దానిని మిఠాయివలె నములుదురు. పరదేశులలో చాలమంది మొదటి ముక్కతోనే చాలింతురు.

చోంగ్‌చింగ్ నుండి గ్వేయాంగ్‌కు 2018లో ప్రారంభమైన రైలుమార్గమున సుమారు రెండు గంటలు, అక్కడినుండి ఛాంగ్‌షాకు మూడు నాలుగు గంటలు ప్రయాణము. కాబట్టి వారము దినములలో ఈ మూడు రుచులను వరుసగా పోల్చి చూడవచ్చును. వరుసగా చూచుట మేలు కూడ. నెలల ఎడముతో తిన్నచో భేదము మనసున నిలువదు.

మన యాత్రికునకు కొన్ని మెలకువలు అవసరము. మాపో దౌఫులో తరచుగా గొడ్డుమాంసపు తురుము ఉండును. దాన్‌దాన్ సేమియాలోను, చేప సువాసన వంకాయలోను పందిమాంసపు తురుము పడును. చోంగ్‌చింగ్ ఎర్రని పులుసునకు గొడ్డుకొవ్వే ఆధారము. కూర పేరు చూచి ఇది కూరగాయయని నిశ్చయింపరాదు. ‘వో ఛీ సూ’ అనినచో నేను శాకాహారినని అర్థము. అయినను మాంసపు ముక్కలు తీసివేసినంత మాత్రమున శాకాహారమైనదని తలంచు వంటవారు ఉందురు గనుక, తురుము వలదు, కొవ్వు వలదు అని విడివిడిగా చీటీపై వ్రాయించుకొని చూపుట క్షేమము. బౌద్ధవిహారములను ఆనుకొనియున్న భోజనశాలలలో ఈ చింత లేదు. చెంగ్దూలో మంజుశ్రీ బోధిసత్వుని పేర వెలసిన వెన్‌షూ విహారపు భోజనశాల ఇట్టిది. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడ ఉండవు; అయినను మిరపకు, హ్వాజ్యావ్‌కు నిషేధము లేదు.

మరియొక సంగతి. చోంగ్‌చింగ్‌లో ‘లాజ్‌జీ’ అను కోడివేపుడు తెచ్చినప్పుడు పళ్లెమునిండ ఎండుమిరపకాయలే కనబడును. ఆ కాయలు తినుటకు కావు. నూనెకు వాసన ఎక్కించుటకు వేసినవి. వాటినడుమ దాగిన ముక్కలను ఏరుకొని తినవలెను. పళ్లెము ఊడ్చి తినుట మర్యాదయని పెరిగిన మనవారు ఇక్కడ ఆ మర్యాదను ప్రక్కన పెట్టవలసియుండును. మంట ఎక్కువైనప్పుడు నీళ్లు త్రాగుట వృథా. కేప్సైసిన్ నీటిలో కరగదు. అక్కడ మజ్జిగ దొరకదు గనుక చప్పని అన్నము, చల్లని సోయాపాలు, లేదా ‘బింగ్‌ఫెన్’ అను బెల్లపుపాకము పోసిన చల్లని జిగురు మిఠాయి పుచ్చుకొనవలెను.

తిరిగివచ్చునప్పుడు మిరపపొడి మోసికొని రానవసరము లేదు. మన తేజ రకపు మిరపకాయలే ఏటేట గుంటూరు, ఖమ్మం బజారులనుండి చాల మొత్తములో చీనాకు పోవుచున్నవి. హ్వాజ్యావ్ కొనదలచినచో చెంగ్దూ అంగడిలో ఒక గుప్పెడు అరచేత నలిపి వాసన చూడుడు. నారింజ వాసన లేచినచో అది ఈ ఏటి సరుకు. నల్లగింజలు ఎక్కువగా ఉన్న సంచి వలదు. అవి పంటిక్రింద ఇసుకవలె కరకరలాడును. ఇంటివద్ద మూకుడులో నూనె లేకుండ సన్నని సెగపై వాసన వచ్చువరకు మాత్రమే వేయించి, అప్పటికప్పుడు దంచి వాడవలెను. దంచి నిలువ ఉంచిన పొడిలో కొన్ని వారములకే తిమ్మిరి తగ్గిపోవును.